రాయల గుర్రాలు, దూది మూటలు, ఉప్పు మళ్ళు: కుమటా నుంచి గోకర్ణ దాకా ఒక రోజు నడక

హంపికి గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చేవని మా ఇళ్ళల్లో పిల్లల్ని అడిగితే "అరబ్బు దేశం నుంచి" అని ఠక్కున చెప్తారు. మరి ఆ గుర్రం ఓడ దిగింది యాడ? దిగినాక ఘాట్లు ఎట్ల ఎక్కింది? దీనికి పెద్దవాళ్ళం కూడా తడబడతాం. బళ్ళారి, హొసపేటె వైపు తరాలుగా ఉంటున్న మాలాంటి తెలుగు ఇళ్ళల్లో రాయలంటే హంపి, హంపి అంటే తుంగభద్ర. ఆ కథలో సముద్రం ఉండదు. బడిలో కన్నడంలో చదివిన చరిత్రలో ఆయన 'కన్నడ రాజ్య రమారమణుడు', ఇంట్లో తెలుగులో విన్న కథల్లో 'ఆంధ్రభోజుడు'. ఏ బిరుదు పెద్దదని వాదించుకోడానికి మాకు ఎప్పుడూ టైముంది. ఆయన సైన్యానికి గుర్రాలు, ఖజానాకు సుంకాలు అందించిన పడమటి తీరం ఎట్లుంటుందో చూసొద్దామని మాత్రం ఎవ్వరికీ తోచలేదు.

అందుకే జనవరిలో ఉత్తర కన్నడ జిల్లాకు పోయి, కుమటా నుంచి గోకర్ణ దాకా సముద్రం వెంబడి నడిచాం. మొత్తం ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు దీన్ని 'బీచ్ ట్రెక్' అని పిలుస్తున్నారు. పేరు వింటే ఇసుక మీద షికారు అనుకుంటాం గానీ, సగం దారి రాళ్ళు, కొండ అంచులు, ముళ్ళ పొదలు. మధ్యలో ఒక నది. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు చేరొచ్చు. దారిలో ఏమేం తగుల్తాయి, వాటి వెనక ఏం చరిత్ర ఉంది అన్నదే ఈ వ్యాసం.

రాయి, ఇసుక, మొగ

మన తెలుగువాళ్ళకు అలవాటైన సముద్రతీరం వేరు. కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన మట్టితో ఏర్పడిన చదును నేల, మైళ్ళ తరబడి ఇసుక. ఇక్కడ సహ్యాద్రి సముద్రానికి చానా దగ్గర. ఆ కొండల కొసలు కొన్ని నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. రెండు కొండ ముక్కుల మధ్య నెలవంక లాగా కొంచెం ఇసుక, మళ్ళీ రాయి, మళ్ళీ ఇసుక. ఈ రాతి వరుసను కొన్ని చోట్ల నదులు తెంపుతాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి కాళి, గంగావళి, అఘనాశిని, శరావతి. గోదావరి జిల్లాల్లో నది సముద్రంలో కలిసే చోటును 'మొగ' అంటారు. కన్నడంలో అది 'అళివె'.

వంతెనలు కట్టకముందు ఈ తీరం వెంబడి పోవాలంటే ప్రతి మొగ దగ్గరా పడవ కోసం ఆగాల్సిందే. బయటి నుంచి వచ్చే ఓడలకు కూడా అలల నుంచి నీడ దొరికేది ఆ మొగల్లోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి సముద్రం మూసుకుపోయినట్టే. పాతెమార్లు, మచ్చువలు అన్నీ నది లోపలికి వచ్చి తల దాచుకునేవి. జనం ఆగే చోట రేవు పుట్టింది, రేవు ఉన్న చోట సుంకం, సుంకం ఉన్న చోట కోట. ఈ తీరంలో పేరున్న పాత ఊళ్ళు చానా మటుకు ఏదో ఒక మొగను అంటిపెట్టుకునే ఉన్నాయి: శరావతి మీద హొన్నావర, ఆ నదిలోనే పైకి పోతే గేరుసొప్ప, అఘనాశిని మీద మిర్జాన్, తదడి.

కాళ్ళ కింది రాయికి కూడా ఒక కథ ఉంది. తేనెపట్టు లాగా రంధ్రాలున్న ఎర్రరాయి ఇది, కన్నడంలో 'జంబిట్టిగె' అంటారు. నేలలో ఉన్నప్పుడు గొడ్డలితో కోసేంత మెత్తగా ఉండి, బయటికి తీసి గాలికి ఆరబెడితే గట్టిపడుతుంది. మిర్జాన్ కోట కట్టింది ఈ రాయితోనే. టిప్పు పడిపోయాక కొత్తగా చేతికొచ్చిన నేలను చూసి రాయమని కుంపిణీ వాళ్ళు ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరును పంపారు. ఆయన 1801లో ఈ తీరం మీదుగానే పోయాడు. మలబారులో చూసిన ఇదే జాతి రాయికి 1807లో అచ్చయిన తన పుస్తకంలో 'లేటరైట్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'లేటర్' అంటే ఇటుక. ఈరోజు ప్రపంచమంతా వాడే మాట అది.

కుమటా: ఒక రకం దూది పేరు

నడక మొదలయ్యేది కుమటా పక్కన వన్నళ్ళి దగ్గర. అక్కడి కొండ ముక్కును 'హెడ్ బందర్' అంటారు. తెలుగు వాళ్ళకు బందరంటే మచిలీపట్నం ఒక్కటే. ఇక్కడ చిన్న చిన్న రేవులకు కూడా అదే పేరు. ఇది పారసీ మాట, రెండు తీరాలకూ ఓడల మీదే వచ్చింది.

కుమటాకు చెప్పుకోదగ్గ మొగ లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరేసుకుంటే చిన్న పడవల్లో సరుకు చేర్చేవాళ్ళు. అట్లాంటి ఊరు పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు బట్టల మిల్లుల్లో ఇంటి పేరయింది. ధారవాడ వైపు నల్లరేగడి నేలల్లో పండిన దూది ఎద్దుల మీద, బండ్ల మీద ఘాట్లు దిగి ఇక్కడికొచ్చేది, ఇక్కణ్ణుంచి బొంబాయికి పోయేది. పండింది ఎక్కడైనా ఓడెక్కిన రేవు పేరే దానికి అంటుకుంది. లివర్‌పూల్ వ్యాపారులకు 'కుమటా' అంటే ఊరు కాదు, ఒక రకం దూది.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి దూది రావడం ఆగిపోయింది. మాంచెస్టరు కళ్ళు ఈ తీరం మీద పడ్డాయి. దూది పండే ధారవాడ బొంబాయి ప్రెసిడెన్సీలో, దాన్ని ఓడెక్కించే తీరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వ్యాపారులకు అడ్డమయింది. 1862లో ఉత్తర కన్నడాన్ని మద్రాసు నుంచి తీసి బొంబాయికి కలిపారు. ఒక జిల్లా సరిహద్దు దూది మూటల లెక్కతో మారిపోయింది.

బళ్ళారి తెలుగు వాళ్ళం ఈ సంగతి దగ్గర ఒక నిమిషం ఆగాలి. 1862 దాకా ఈ తీరమూ, బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలూ ఒకే మద్రాసు పాలన కింద ఉన్నాయి. 1799లో కన్నడ తీరానికి కలెక్టరుగా వచ్చినాయన థామస్ మన్రో. రాయలసీమలో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారే, ఆయనే. వానలు, దాటలేని నదులు, తెగని పని చూసి విసిగిపోయి బదిలీ అడిగాడు. 1800లో దత్తమండలాలకు వచ్చి 1807 దాకా ఉన్నాడు. రైతు పేరునే పట్టా రాసి శిస్తు కట్టే పద్ధతి మన సీమలో ఆయన పేరుతో నిలబడిపోయింది. మన్రో చేతికి ఈ తీరం లెక్కలు ముందొచ్చాయి, మన సీమ లెక్కలు తర్వాత. ఆ తర్వాత గీతలు ఇంకా మారాయి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, 1956లో ఉత్తర కన్నడం కూడా. విడిపోయిన రెండు జిల్లాలు తొంభై ఏళ్ళు దాటాక మళ్ళీ ఒక రాష్ట్రంలో కలుసుకున్నాయి.

కుమటా దూది వైభవం ఎక్కువ కాలం ఉండలేదు. 1880ల్లో హుబ్బళ్ళికి రైలొచ్చి, అక్కణ్ణుంచి ఆ లైను గోవాలోని మార్మగోవా రేవు దాకా పోయాక, ఘాట్లు దిగే బండ్లు తగ్గిపోయాయి. ఇప్పుడు వన్నళ్ళిలో చేపల పడవలు, ఆరబెట్టిన వలలు కనిపిస్తాయి.

కొండ ముక్కుల మీద నుంచి రాయల కాలం

కుమటా దాటాక కడ్లె, ఆ తర్వాత బాడ, కాగాల్ ఊళ్ళ తీరం. ఇసుక అయిపోయిన ప్రతి చోటా ఎర్రరాతి కొండ ఎక్కాలి. పైన చెట్టు తక్కువ, ఎండు గడ్డి ఎక్కువ. కింద అలలు నల్లరాతికి కొట్టుకుని తెల్లగా లేస్తుంటాయి. ఈ ఎత్తు నుంచి దక్షిణానికి చూస్తే తీరం ముక్కు వెనక ముక్కుగా కనబడకుండా పోయేదాకా కనిపిస్తుంది. ఆ వైపునే హొన్నావర, ఇంకా దిగువన భట్కళ. రాయల గుర్రాలు దిగిన రేవులు అవే.

గోవా ఒకప్పుడు విజయనగరం చేతిలో ఉండేది. 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ దాన్ని పట్టుకున్నాక, విజయనగరానికి గుర్రాల దారి హొన్నావర, భట్కళ రేవుల మీదికి వచ్చింది. దక్కనులో మంచి యుద్ధగుర్రాలు పుట్టవు, వచ్చినవి ఎక్కువ కాలం బతకవు. కాబట్టి ప్రతి ఏడూ కొత్తవి కొనాల్సిందే. హొర్ముజ్ నుంచి ఏటా 13,000 గుర్రాలు రాయలు కొనేవాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. 1520 ప్రాంతంలో భట్కళ నుంచి హంపికి పోయిన పాయెస్, ఆ రేవుకు ఏటా ఐదారు వేల బరువు మోసే ఎద్దులు వస్తాయని రాశాడు. ఈ అంకెల్లో కొంత పెంచి చెప్పడం ఉండొచ్చు. అయినా ఘాట్ల మీద ఎంత రాకపోకలు ఉండేవో తెలుస్తుంది.

ఈ సంగతి రాయలకు బాగా తెలుసు. ఆయన తెలుగులో రాసిన ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పే భాగం ఉంది. రాజన్నవాడు రేవులు బాగుచేసుకోవాలి, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, గంధం, ముత్యాలు వచ్చేటట్టు వర్తకం పెంచాలి, తుఫానుకో జబ్బుకో దిక్కులేక వచ్చి పడ్డ పరదేశీయులను వాళ్ళ వాళ్ళకు తగ్గట్టు ఆదరించాలి అంటాడు. దూర ద్వీపాల నుంచి గుర్రాలు, ఏనుగులు తెచ్చే వర్తకులకు ఇళ్ళు, మంచి ధర, దర్శనం ఇచ్చి, ఆ సరుకు శత్రువుల చేతికి పోకుండా చూసుకోమంటాడు. పద్యంగా చదివినప్పుడు ఇది నీతి లాగా ఉంటుంది. ఈ కొండ ముక్కు మీద నిలబడి తలుచుకుంటే భయం లాగా వినిపిస్తుంది. వర్తకుడికి కోపమొస్తే ఓడ ఇంకో మొగలోకి తిరుగుతుంది, రాజుకు గుర్రాలుండవు.

ఈ బుద్ధి తెలుగు నేలకు పాతదే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం మన పిల్లలకు పాఠాల్లో ఉంటుంది. తుఫానుకు దారి తప్పి వచ్చిన ఓడల సరుకును పూర్వం రాజులు లాగేసుకునేవాళ్ళు. తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన రాతి మీద మాటిచ్చాడు. హొర్ముజ్ గుర్రాలు తూర్పు తీరం దాకా కూడా వచ్చేవి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి తెప్పించిన సరుకుల్లో అవీ ఉన్నాయి. పడమట కూడా దారి తప్పిన ఓడను దోచుకునే అలవాటు ఉండేదని, కాలికట్టులో మాత్రం అది లేదని పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ మెచ్చుకుంటూ రాశాడు. ఆయన విజయనగరం కొలువు చూసి తిరిగి పోయేటప్పుడు 1444 మొదట్లో ఓడెక్కింది హొన్నావరలోనే.

అఘనాశిని మొగ, మిరియాల రాణి

మధ్యాహ్నానికి అఘనాశిని ఊరు చేరతాం. నది పేరు కూడా అదే. అఘాన్ని, అంటే పాపాన్ని, నాశనం చేసేది అని అర్థం. శిరసి దగ్గర పుట్టి, నూరు కిలోమీటర్లు దాటి పారి, ఒక్క ఆనకట్ట కూడా లేకుండా సముద్రంలో కలుస్తుంది. అవతలి ఒడ్డు తదడి. పడవ ఎక్కి దాటాలి. కాలినడకన వచ్చినవాళ్ళు వందల ఏళ్ళుగా చేస్తున్న పని ఇది, మనమూ అదే చేస్తాం.

పడవలో కూర్చుని నది ఎగువకు చూస్తే మిర్జాన్ ఆ వైపున ఉంటుంది. అక్కడి కోట అనగానే జనం చెప్పే పేరు గేరుసొప్ప రాణి చెన్నభైరాదేవి. ఆ కోట ఇప్పటి రూపం తర్వాతి బిజాపురం కాలంలో కట్టినదని వాదించే చరిత్రకారులు ఉన్నారు గానీ, ఈ తీరం మీద ఆమె ఏలుబడి గురించి వాదన లేదు. పదహారో శతాబ్దం నడుమ నుంచి యాభై ఏళ్ళకు పైగా ఆమె ఏలింది. జైన వంశం, అళియసంతాన పద్ధతి. ఘాట్ల మీది తోటల మిరియాలు ఆమె రేవుల మీదుగానే పోవాలి కాబట్టి పోర్చుగీసువాళ్ళు ఆమెను 'మిరియాల రాణి' అని పిలిచారు.

ఆమె కథ మనం చదివే విజయనగరం కథకు రెండో పుట. 1547లో గోవా గవర్నరు కాస్ట్రో సదాశివరాయల కొలువుతో ఒప్పందం చేసుకున్నాడు. గోవాకొచ్చే గుర్రాలు విజయనగరానికే, బిజాపురానికి పోకూడదు. హంపిలో సంతకాలు చేసినవాళ్ళు ఈ తీరం చిన్న పాలకులను అడిగి చేయలేదు. 1565లో రక్కసగి తంగడగి యుద్ధంలో రామరాయలు పడిపోయాడు, హంపి ఖాళీ అయింది. మన ఇళ్ళల్లో కథ అక్కడ ముగుస్తుంది. ఇక్కడ మాత్రం అసలు కష్టం అప్పుడు మొదలైంది. వెనక ఉన్న పెద్ద రాజ్యం పోయింది, ముందు సముద్రంలో పోర్చుగీసు ఫిరంగులు. 1569లో వాళ్ళు హొన్నావర పట్టుకున్నారు, గేరుసొప్పను కాల్చారు. ఆమె లొంగలేదు, తన రేవుల కోసం ఇంకా ముప్పై ఏళ్ళు పైన పెనుగులాడింది. చివరికి ఆమెను పడగొట్టింది పరదేశీయులు కాదు, ఘాట్ల మీది కెళది నాయకులు. వెంకటప్ప నాయకుడి చెరలో చనిపోయిందంటారు.

తళ్ళికోట గురించి తెలుగులో ఎన్ని నవలలు, ఎన్ని నాటకాలు! ఆ ఓటమి బరువు మోసిన ఈ రాణి పేరు మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు కూడా తెలియదు. రాయలు మావాడని గర్వపడే హక్కు మనకుంది. ఆ గర్వంలో ఈ మొగకు, ఈ రాణికి, ఎద్దులు తోలినవాళ్ళకు, పడవ వేసినవాళ్ళకు బాకీ ఉందని కూడా ఒప్పుకోవాలి.

గజని నేలలు, ఉప్పు మళ్ళు

తదడి వైపు దిగినాక కోటలు, రాజులు లేని చరిత్ర కనబడుతుంది. మొగ లోపలి వైపు, పోటు నీళ్ళు ఎక్కే మట్టంలో ఉన్న పొలాలను 'గజని' అంటారు. మట్టికట్టలు కట్టి ఉప్పు నీటిని ఆపుతారు. వానాకాలంలో నది మంచినీళ్ళు నేలలోని ఉప్పును కడిగేస్తే 'కగ్గ' అనే వరి చల్లుతారు. మనిషి ఎత్తు పెరుగుతుంది, వరద ముంచినా ఉప్పు తగిలినా తట్టుకుంటుంది. ఎరువు వేయరు. కోతలయ్యాక అదే మడిలోకి పోటు నీళ్ళు వదిలితే, మిగిలిన మోళ్ళు కుళ్ళి రొయ్యలకు, చేపలకు మేత అవుతుంది. మాణికట్టా ఊరు ఈ పంటకు పేరు. కట్ట ఒక్క చోట తెగితే అందరి మడీ పోతుంది, అందుకే కట్టను ఊరంతా కలిసి కాపాడాలి. నది పాటు మీదున్నప్పుడు ఆడవాళ్ళు బురదలో దిగి ఆల్చిప్పలు ఏరుతుంటారు. ఆ చిప్పలు కాల్చి సున్నం చేసేవాళ్ళు.

గోకర్ణకు దగ్గర్లో సాణికట్టా ఉప్పు మళ్ళున్నాయి. నెల్లూరు వైపు ఉప్పు కయ్యలు చూసినవాళ్ళకు ఇవి కొత్తగా ఉండవు. పోటు నీటిని కాలువల్లో పట్టి, మళ్ళల్లో ఎండగట్టి, గోరుగా లాగి కుప్ప పోస్తారు. ఎండలు ముదిరే నెలల్లోనే పని. ఉప్పు కొంచెం ఎర్రజీరతో ఉంటుంది, పచ్చళ్ళకు బాగుంటుందని జనం కొనుక్కుపోతారు. కర్ణాటకలో ఉప్పు సత్యాగ్రహం ఈ తీరంలోనే జరగడంలో వింత లేదు. గాంధీగారు దండిలో ఉప్పు తీసిన వారానికి, 1930 ఏప్రిల్ 13న, గంగావళి అవతల అంకోలాలో ఎం.పి. నాడకర్ణి నాయకత్వంలో చట్టాన్ని మీరారు. అదే వేసవిలో మచిలీపట్నం వైపు మనవాళ్ళూ ఉప్పు వండారు.

ఈ మొగ మీద పెద్ద రేవు, పెద్ద విద్యుత్ కేంద్రం కట్టాలన్న మాటలు ఇదివరకు వచ్చాయి, ఊళ్ళవాళ్ళు ఎదురు నిలబడ్డారు. 2024లో అఘనాశిని మొగను రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మంచిదే. కానీ జాబితా కట్టలు వేయదు. కగ్గ గిట్టుబాటు కాక మడి వదిలేసి రొయ్యల చెరువుకు ఇచ్చేస్తే, ఆ విత్తనం పోతుంది, కట్ట వేసే పద్ధతి తెలిసిన చేతులూ పోతాయి. మిర్జాన్ కోటకు పురావస్తు శాఖ కాపలా ఉంది. మట్టికట్టకు ఉన్నది ఊరివాళ్ళే.

గోకర్ణ

తదడి నుంచి బేలెకాన్ దాటితే అసలైన రాతిదారి. పారడైజ్ బీచ్, హాఫ్ మూన్ బీచ్, ఓం బీచ్, కుడ్లె బీచ్ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో కొండ అంచున ఒక్క మనిషి పట్టే బాట. రెండు వంపులు కలిసి ఓంకారం లాగా కనబడుతుంది కాబట్టి ఓం బీచ్. పాత పేర్లు పోయి పర్యాటకుల పేర్లు వచ్చినా, బాట మాత్రం అదే కొండను అదే చోట చుట్టి పోతుంది.

కుడ్లె ఎక్కి దిగితే మహాబలేశ్వరుడి ఊరు. కాళిదాసు రఘువంశంలో దక్షిణ సముద్రం ఒడ్డున గోకర్ణం అని ఉంది. 1676లో ఇంగ్లీషు డాక్టరు ఫ్రయర్ శివరాత్రి జాతరకు ఇక్కడికొచ్చాడు. తెలుగువాళ్ళకు మాత్రం ఈ ఊరు సినిమాలో పరిచయం. రావణుడు ఆత్మలింగం కింద పెట్టిన కథే 'భూకైలాస్'. 1940లో వచ్చిన మొదటి తెలుగు భూకైలాస్‌కు ఆధారం ఆర్. నాగేంద్రరావు ఆడిన కన్నడ నాటకం. 1958లో మళ్ళీ తీసినప్పుడు తెలుగులో ఎన్.టి. రామారావు, కన్నడంలో రాజ్‌కుమార్ రావణుడు. బళ్ళారిలో రెండూ చూసినవాళ్ళు మా ఇళ్ళల్లో ఉన్నారు. ఏది బాగుందని అడిగితే ఇద్దరు రావణుల్లో ఒకరిని తీసేయడం వాళ్ళవల్ల కాదు. రాయల బిరుదుల గురించి కూడా మేము ఇప్పుడు అట్లనే అనుకుంటున్నాం.

పోవాలనుకునే కుటుంబాలకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పోండి, వానాకాలంలో ఆ రాళ్ళ మీద కాలు నిలవదు. నీళ్ళు, టోపీ మోసుకుపోండి, కాగాల్ దాకా నీడ తక్కువ. పడవ చివరి ట్రిప్పు ఎప్పుడో ముందే కనుక్కోండి. చిన్నపిల్లలుంటే ఓం బీచ్ నుంచి కుడ్లె దాకా నడిపించినా చాలు. మరుసటి రోజు మిర్జాన్ కోట, మాణికట్టా కట్టలు రెండూ చూపించండి. ఇంటికొచ్చాక హంపి గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని మళ్ళీ అడగండి. పిల్లలు ఈసారి రేవు పేరు, నది పేరు చెప్తారు. రాణి పేరు చెప్పడం మన పని.